మహిపాల్‌కిచ్చిన కాగితం

ఈ మాట చెప్పడానికి నాకు పదిహేనేళ్ళ పైన పట్టింది. అంత దాచుకోవలసిన నేరమా అంటే, కాదు. పోలీసులు పట్టుకునేది కాదు, కోర్టుకెక్కేది కాదు. ఎవరూ చచ్చిపోలేదు. బహుశా అందుకే ఇన్నాళ్ళు నాలో ఉండిపోయింది. పెద్ద తప్పయితే ఎవరో ఒకరు వెతికేవాళ్ళు, అడిగేవాళ్ళు, ఎక్కడో ఒకచోట బయటపడేది. దీన్ని ఎవరూ వెతకలేదు. అడగవలసిన మనిషి కూడా తప్పు తనదే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ నన్ను నొప్పించింది అదే.

నా పేరు చెప్పను. మాది గోదావరి జిల్లా. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆర్.కె.పురంలో ప్రభుత్వ క్వార్టర్లలో ఇరవై రెండేళ్ళున్నాం. ఏ సెక్టారో చెప్పను. మా నాలుగు బ్లాకుల్లో తెలుగువాళ్ళం పన్నెండు కుటుంబాలం. మీలో ఎవరైనా అప్పట్లో అక్కడ ఉండి ఉంటే, నేనెవరో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. తెలిసినా ఫరవాలేదు. ఇంతవరకూ వచ్చాక దాక్కోవడమేముంది?

మాకు కేబుల్ ఇచ్చేవాడి పేరు మహిపాల్. మా కాలనీ పక్కనే ఉన్న ఊళ్ళో ఇల్లు, కింద షాపు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భుజం మీద నల్లటి తీగ చుట్టతో కనబడేవాడు. షాపులో ఆయన భార్య సుమన్ కూర్చునేది. ఎవరింట్లో బొమ్మ రావడం లేదో, ఏ బ్లాకులో తీగ తెగిందో అన్నీ ఒక నోటుబుక్కులో గుండ్రటి హిందీ అక్షరాలతో రాసుకునేది. ఫోను చేస్తే క్వార్టరు నంబరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టేది.

ముందు మాకు తెలుగు చానళ్ళు వచ్చేవి కావు. మా ఆవిడ ఒకసారి మహిపాల్‌ని ఆపి, "భయ్యా, మాకూ ఒక చానల్ పెట్టించు" అని అడిగింది. పన్నెండిళ్ళ కోసం ఎవరు పెడతారు? అతను పెట్టాడు. మా బ్లాకు మేడమీద ప్రత్యేకంగా ఒక డిష్ గొడుగు బిగించాడు. ఆ రోజు పైనుంచి "వచ్చిందా?" అని తెలుగులో కేక వేశాడు. ఆ ఒక్క మాటా మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు గొడుగు తిప్పినా అదే కేక. కింద నాలుగైదు కిటికీల్లోంచి ఆడవాళ్ళు "వచ్చింది, వచ్చింది" అనేవాళ్ళు.

రెండువేల ఆరు చివర్లో ప్రభుత్వం కొత్త పద్ధతి తెచ్చింది. దక్షిణ ఢిల్లీలో ఇకమీదట చాలా చానళ్ళు చూడాలంటే టీవీ పక్కన డిజిటల్ పెట్టె ఉండాలి. ఏయే చానళ్ళు కావాలో ప్రతి ఇంటివాళ్ళూ ఒక ఫారంలో టిక్కు పెట్టి కేబులువాడికివ్వాలి. అతను పై కంపెనీకి పంపితే పెట్టె వస్తుంది. ఎవరికీ ఏమీ సరిగ్గా అర్థం కాలేదు. కాలనీ అంతా గందరగోళం. ఫారం చూస్తే ఇంగ్లీషులో రెండు పేజీలు.

ఫారాలు నింపడంలో నాకు పేరుంది. ఎవరి పెన్షను కాగితమైనా, పిల్లల స్కూలు అర్జీ అయినా మా ఇంటికే వచ్చేది. నాకది ఇష్టంగా కూడా ఉండేది. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. "అందరివీ నాకివ్వండి. నేను నింపి, నేనే మహిపాల్‌కిస్తాను" అన్నాను. పన్నెండూ నా చేతికొచ్చాయి. మా పై వాటాలో వరలక్ష్మిగారని ఉండేవారు. శ్రీకాకుళం వైపు. భర్త పారామిలటరీలో, ఎప్పుడూ ఈశాన్యంలో ఎక్కడో డ్యూటీ. ఆవిడకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. పగలంతా ఆ ఇంట్లో తెలుగు మాట వినిపించేది టీవీలోంచే. ఆవిడ ఫారం మీద చానళ్ళ పేర్లు తెలుగులోనే రాసి తెచ్చారు. "మీరు ఇంగ్లీషులోకి మార్చుకోండి అన్నయ్యగారూ" అన్నారు.

ఆఫీసుకి పట్టుకెళ్ళి మధ్యాహ్నం భోజనాల వేళ నింపాను. గోధుమరంగు కవర్లో పెట్టాను. సాయంత్రం వెళ్తూ మహిపాల్ షాపులో ఇవ్వాలి. ఆ సాయంత్రమే ఒక పార్లమెంటు ప్రశ్నకి జవాబు తయారు చేయమని పైనుంచి వచ్చింది. బల్ల మీదున్నవన్నీ తీసి అల్మారాలో పడేశాను. అంతే. ఆ తర్వాత కవరు సంగతి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

మూడు నాలుగు రోజులకి మా ఆవిడ, "ఇచ్చారా?" అని అడిగింది. "ఆఁ, ఇచ్చా" అన్నాను. పేపరు చదువుతూ అన్నాను. అది అబద్ధమా? అప్పుడు నాకు ఇచ్చినట్టే ఉందా? ఇన్నేళ్ళూ ఆ ఒక్క క్షణాన్నీ అటూ ఇటూ తిప్పి చూశాను. ఇచ్చానో లేదో నేను ఆలోచించనేలేదు. అడిగింది కనక జవాబు చెప్పాను.

కొత్త సంవత్సరం వచ్చింది. మంచు దట్టంగా పట్టిన ఉదయం, నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మెట్ల మీద గోల. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పెట్టెలొచ్చాయి. మా పన్నెండిళ్ళలో మాత్రం తెలుగు చానల్ పెట్టిన చోట ఇసక రాలుతున్నట్టు గరగర. మా ఆవిడ, వరలక్ష్మిగారు, ఇంకో ఇద్దరు ముగ్గురు మహిపాల్‌ని మెట్ల మధ్యలో నిలబెట్టేశారు.

"దీదీ, ఫారం వచ్చినవాళ్ళకే పెట్టె," అంటున్నాడు. "మీ వైపు నుంచి నాకు ఒక్క ఫారమూ రాలేదు."

అందరూ నా వైపు చూశారు.

"ఇచ్చాను కదయ్యా," అన్నాను.

"నాకా, సాబ్?"

"నీ చేతికే. పన్నెండూ కలిపి, గోధుమరంగు కవర్లో పెట్టి."

"ఎప్పుడు సాబ్?"

"రెండు వారాలవుతోంది. మీ షాపు ముందు. నువ్వు స్కూటర్ మీద ఉన్నావు. ఇంజను కూడా ఆపలేదు."

ఆ స్కూటర్ నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరూ అడగలేదే. ఇచ్చానేమో అని అప్పటికి సగం నమ్మి ఉండొచ్చు. కానీ స్కూటర్ లేదని, ఇంజను లేదని నాకు తెలుసు. మాట బయటికి వస్తుండగానే తెలుసు. గుర్తు లేదని ఒప్పుకుంటే ఏమయ్యేది? ఒక గంట చిన్నబోయేవాణ్ణి. అంతేగా. ఆ గంట కోసం స్కూటర్‌ని పుట్టించాను.

మహిపాల్ నన్ను అనుమానించినట్టు చూడలేదు. తనని తనే అనుమానించుకుంటున్నట్టు చూశాడు.

"సాబ్, మీరు ఇచ్చానంటే ఇచ్చే ఉంటారు. మీకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? ఇంట్లో వెతుకుతాను."

వరలక్ష్మిగారు, "ఏమంటన్నాడండీ?" అని నన్నడిగారు.

"పారేసుకున్నాట్ట," అన్నాను.

అతనన్నది అది కాదు. వెతుకుతానన్నాడు. ఆవిడకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు, మధ్యలో ఉన్నది నేను. వరలక్ష్మిగారు ఆ మెట్ల మీద నిలబడి అతన్ని తెలుగులో నిలువునా కడిగేశారు. బుద్ధి లేదా అన్నారు. దిక్కులేని ఆడమనిషి ఉసురు తగులుతుందన్నారు. అతనికి ఒక్క ముక్కా తెలియలేదు. తల వంచుకుని విన్నాడు. తర్వాత మా ఆవిడ హిందీలో అందుకుంది. అది మాత్రం తెలిసింది.

రెండ్రోజులకి మా ఇంటికొచ్చాడు. ఇల్లంతా వెతికానన్నాడు. అటక మీద సామానంతా దింపించాడట. "మా ఆవిడ ఈ మధ్య పాత కాగితాలు కబాడీవాడికి తూకానికి వేసింది సాబ్. అందులో పోయుంటాయి. మళ్ళీ నింపివ్వండి, నేను స్వయంగా తీసుకెళ్తాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోవాలయ్యా" అన్నాను. సలహా ఇచ్చాను.

మళ్ళీ నింపి ఇచ్చాం. కానీ అప్పటికి మొదటి విడత పెట్టెలు అయిపోయాయి. ఊరంతా ఇదే కొరత. కంపెనీకి ఫోను చేస్తే పాట వినిపించేది తప్ప మనిషి పలికేవాడు కాదు. నెల దాటింది. మావాళ్ళకి ఓపిక పోయింది. కంపెనీకి మహిపాల్ మీద ఫిర్యాదు రాయాలన్నారు. రాయడానికి ఇంకెవరున్నారు? నేనే.

భోజనాల వేళ ఆఫీసులో కూర్చున్నాను. తెల్లకాగితాల కోసం అల్మారా కింది అర తీశాను. పాత ఫైళ్ళ కింద గోధుమరంగు కవరు కనబడింది. తెరవకుండానే తెలిసింది. అయినా తెరిచాను. పన్నెండున్నాయి.

అక్కడితో ఆగి ఉంటే దీన్ని పొరపాటు అనేవాణ్ణి. మతిమరుపు ఎవరికైనా ఉంటుంది. ఆ కవరు పట్టుకుని ఆ సాయంత్రమే షాపుకి వెళ్ళి, "మహిపాల్, నాదే తప్పు" అనుంటే, అతను నవ్వేసేవాడని ఇప్పటికీ నా నమ్మకం. వెళ్ళలేదు. కవరు పక్కన పెట్టుకునే ఫిర్యాదు రాశాను. మంచి ఇంగ్లీషులో రాశాను. నియమం ప్రకారం, గడువులోపల, ఆపరేటరు చేతికి స్వయంగా అందజేసినప్పటికీ అని రాశాను. నా ఉద్యోగంలో నంబరు వెయ్యకుండా ఒక్క కాగితం నా బల్ల దాటి పోనివ్వలేదు. అలాంటి నేను రాసిన మాట అది.

తర్వాత ఫారాలు ఒక్కొక్కటీ తీసి చింపాను. వరలక్ష్మిగారి ఫారం దగ్గర కొంచెంసేపు ఆగాను. మీద ఆవిడ తెలుగు అక్షరాలున్నాయి, ఒత్తులు పెద్దపెద్దవిగా. అదీ చింపాను.

ఫిర్యాదు మీద పన్నెండు సంతకాలు పడ్డాయి. ఇరుగుపొరుగు పంజాబీవాళ్ళు, బెంగాలీవాళ్ళు కూడా వాళ్ళ విసుగులు కలిపి సంతకాలు పెట్టారు. కంపెనీ మా నాలుగు బ్లాకులూ మహిపాల్ దగ్గర్నుంచి తీసి వేరే ఆపరేటరుకిచ్చింది. ఒక మధ్యాహ్నం అతనొచ్చి మేడమీద మా గొడుగు విప్పుకున్నాడు. దాన్ని భుజాన పెట్టుకుని మెట్లు దిగుతుంటే నేను బాల్కనీలో ఉన్నాను. నన్ను చూసి, "నమస్తే సాబ్" అన్నాడు. నేనూ అన్నాను.

మార్చిలో మాకు పెట్టెలొచ్చాయి. బొమ్మ అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. వరలక్ష్మిగారు పాయసం పంపారు. తిన్నాను.

ఆ షాపు మీదుగా వెళ్ళడం మానేశాను. ఒకటి రెండుసార్లు తప్పక వెళ్ళినప్పుడు సుమన్ కుర్చీ ఖాళీగా కనబడింది. ఎందుకని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. పైగా, అడగకపోవడమే మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తనని తాను ఎంత సభ్యంగా మోసం చేసుకుంటాడో అప్పుడే తెలిసింది.

తర్వాత మా తెలుగు ఇళ్ళల్లో ఒక మాట పుట్టింది. ఏ వస్తువు కనబడకపోయినా, "మహిపాల్‌కిచ్చిన కాగితమే" అనేవాళ్ళు. తాళంచెవి పోతే అదే మాట. అప్పిచ్చిన గిన్నె తిరిగి రాకపోతే అదే మాట. మా అమ్మాయి ఆ మాటతోనే పెరిగింది. నేను రిటైరై ఘాజియాబాద్‌లో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాక కూడా ఆ మాట మాతోపాటే వచ్చింది. విన్నప్పుడల్లా నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారని.

పోయిన చలికాలం, ఆదివారం మధ్యాహ్నం అందరం భోంచేస్తున్నాం. మా అమ్మాయి ఏదో పార్సిలు రాలేదని, "అది మహిపాల్‌కిచ్చిన కాగితమే అమ్మా" అంది. ఏడేళ్ళ మనవరాలు తలెత్తి నన్నడిగింది.

"తాతా, మహిపాల్ కౌన్ థా? చోర్ థా క్యా?"

దొంగా అని అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. నేను ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ పిల్ల ఆ పేరుని ఇంకో యాభై ఏళ్ళు మోస్తుంది కదా అనిపించింది. ఎవరో తెలియని ఒక మంచివాడి పేరు మా వంశంలో తిట్టుగా మిగలబోతోంది.

"కాదమ్మా," అన్నాను. "ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. నేనివ్వలేదు. ఇచ్చానని అబద్ధం చెప్పాను."

పిల్ల అచ్ఛా అని అన్నం తినడంలో పడింది. పెద్దవాళ్ళెవరూ తినలేదు. మా ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"నా నోటితో అనిపించారు కదండీ," అంది. "అంతమందిలో, ఆ మనిషిని. నా నోటితో."

సాయంత్రం టీ ఇస్తూ ఒకే మాట అడిగింది. "ఆయనకి చెప్పారా?"

ముందు వరలక్ష్మిగారికి చెప్పాను. విశాఖపట్నంలో ఉంటున్నారు, ఫోన్లో చెప్పాను. "ఆ పొద్దు ఎన్ని మాటలన్నానో. తెలుగు రాదు గాబట్టి బతికిపోనాడు" అన్నారు. తర్వాత, "ఆ మాటలన్నది నాను కాదు గదా, మీరు" అని ఫోను పెట్టేశారు. మిగిలిన వాళ్ళు ఎక్కడెక్కడున్నారో నాకు తెలియదు. ట్రాన్స్‌ఫర్లు, రిటైర్మెంట్లు. అందుకే ఇలా రాస్తున్నాను. మీరెవరైనా ఆ మాట ఇంకా వాడుతుంటే దయచేసి మానేయండి.

హోలీ వెళ్ళిన వారానికి మెట్రో ఎక్కి వెళ్ళాను. షాపు అక్కడే ఉంది. ఇప్పుడు ఇళ్ళకి ఇంటర్నెట్ తీగలు వేస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "అరె సాబ్, ఎన్నాళ్ళకి" అని స్టూలు తుడిచాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కవరు, అల్మారా, స్కూటర్, ఫిర్యాదు, చింపడం, అన్నీ. రైల్లో వస్తూ మంచి హిందీలో వాక్యాలు కట్టుకున్నాను. అక్కడ ఒక్కటీ పనికిరాలేదు.

అతను అడ్డుపడకుండా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. లేక, పోనీలెండి సాబ్ అంటాడనుకున్నాను. ఎక్కడో ఆ మాట కోసమే వచ్చానేమో కూడా. రెండూ కాలేదు.

"వ్యాపారం పోతే మళ్ళీ వచ్చింది సాబ్. అది వదిలేయండి," అన్నాడు. "సుమన్‌ని నేను చాలా మాటలన్నాను. నువ్వే కబాడీలో వేశావన్నాను. షాపు కాగితాలు ముట్టుకోవద్దన్నాను. పుట్టింటికెళ్ళి నెల ఉండి వచ్చింది. వచ్చాక మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోలేదు. ఇప్పటిదాకా." గొంతు తగ్గించాడు. "నాకు చెప్పి లాభం లేదు. పైకి రండి."

పై వాటాలో సుమన్ కుట్టుమిషను ముందుంది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నా గొంతు విన్నాక గుర్తుపట్టింది. మళ్ళీ మొత్తం చెప్పాను. రెండోసారి సులువవుతుందనుకున్నాను, కాలేదు. మిషను మీద గుడ్డ అలాగే ఉంది, చెయ్యి దాని మీదే ఉంది.

"కవరు ఏ రంగు, అంకుల్‌జీ?" అంది.

"గోధుమరంగు."

ఆమె భర్త వైపు తిరిగింది. "నేను చెప్పలేదూ? అలాంటి కవరు నా కళ్ళతో చూడనేలేదని? ఏడ్చి చెప్పలేదూ?"

తప్పు నాదమ్మా అని నేనేదో అనబోయాను.

"మీది మీకుంది," అంది. "నేను ఈయనతో మాట్లాడుతున్నాను. మీరు వెళ్ళండి అంకుల్‌జీ."

చాయ్ తాగమనలేదు. ఢిల్లీలో గడప దాటిన మనిషిని అలా పంపరు. నాకది న్యాయంగానే తోచింది. క్షమించానని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు ఆ కాగితాలతోపాటే చింపేసుకున్నాను.

ఇరుకు మెట్లు. గోడ పట్టుకుని దిగుతున్నాను. పైన ఆమె గొంతు మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత బిగ్గరగా. అటక సంగతి, కబాడీవాడి సంగతి, పుట్టింట్లో ఉన్న నెల సంగతి. ఒకదాని వెనక ఒకటి, తడుముకోకుండా, రోజూ లోపల చదువుకుంటున్న పాఠం అప్పజెప్పినట్టు. మధ్యమధ్య మహిపాల్ "అవును" అంటున్నాడు. "అవును, నువ్వు చెప్పావు." సగం మెట్ల మీద ఆగి విన్నాను. ఆమె ఆపలేదు. వీధిలోకొచ్చి ఎండలో నిలబడ్డాను. ఆ గొంతు కిటికీలోంచి ఇంకా వినబడుతూనే ఉంది, అంతకంతకీ గట్టిగా.